భూమి లేని పూచీ

డెబ్బైల మొదట్లో నేను చేసిన ఉద్యోగం ఏమిటో మా అమ్మకు చివరిదాకా అర్థం కాలేదు. చుట్టాలెవరైనా అడిగితే "పిల్లల ఆఫీసులో చేస్తోంది" అని మాట దాటేసేది. వాళ్ళు నన్ను బాలవాడి టీచరనుకుని సంతోషించేవారు. అసలు సంగతి బయటపడితే పెళ్ళి సంబంధాలు రావని ఆవిడ బెంగ. అసలు సంగతేమిటంటే, తప్పు చేసి పోలీసులకు దొరికిన పిల్లల తరఫున సెక్రటేరియట్ వరండాల్లో దెబ్బలాడడం నా పని.

మాది చిన్న సంఘం. నాంపల్లిలో ఒక పాత మేడ మీద రెండు గదులు, ఒక టైపు మిషను, జీతం తీసుకునేదాన్ని నేనొక్కదాన్ని. కార్యదర్శి రిటైరైన మునసబు గారు. ఆయన పుట్టి పెరిగిందంతా హైదరాబాదే. ఇంట్లో ఉర్దూ, కోర్టులో ఇంగ్లీషు, మాతో తెలుగు. "సర్వీసంత పిల్లలను లోపలికి పంపిన, ఇప్పుడు బయటికి తెచ్చే పని పెట్టుకున్న" అని తనమీద తనే వేళాకోళం చేసుకునేవారు. నేను నాన్న బదిలీ మీద గుంటూరు నుంచి వచ్చినదాన్ని. నోరు పెద్దది, ఓపిక చిన్నది. ఈ రెండూ ఆయనకు తెలిసే నన్ను పనిలో పెట్టుకున్నారు.

మేం పట్టుకున్న విషయం ఒకటే. పల్లెలో ఓ పిల్లో పిల్లాడో ఏదైనా చేసి పట్టుబడితే, విచారణ అయ్యేదాకా ఎక్కడుండాలి? పూచీ ఇచ్చే మనిషి ఉంటే ఇంటికి పంపేవారు. కాని ఆ మనిషి పేరు మీద భూమి ఉండాలనేది అప్పటి వాడుక. భూమి లేనివాళ్ళ పిల్లలు నగరంలోని బాల నేరస్థుల గృహానికి వెళ్ళేవారు. అక్కడ చోటు లేకపోతే పెద్దవాళ్ళతో పాటు లాకప్పులో ఉండేవారు. తాగి కొట్టుకున్నవాళ్ళ పక్కన, మోకాళ్ళ మీద గడ్డం ఆనించి కూర్చున్న పసివాళ్ళను నేను కళ్ళారా చూశాను. అవి చూసొచ్చిన రోజు నాకు అన్నం సయించేది కాదు. భూమిని చూడకండి, మనిషిని చూడండి అని మా వాదన.

ఈ ఒక్క ముక్క చెప్పడానికి ఎన్ని చెప్పులు అరగదీశానో. ఫైలు ఒక ఆఫీసరు దగ్గర ఉంటే ఆయన సెలవులో ఉండేవాడు. ఆయన సెలవు నుంచి వస్తే ఫైలు వేరే గదికి వెళ్ళేది. రెండూ ఒకచోట దొరికిన రోజు టీ వేళయ్యేది. చివరికి ఒకాయన కూర్చోబెట్టి మాట్లాడాడు. "చూడండమ్మా, భూమి ఉన్నవాడు దాన్ని వదిలి ఎక్కడికీ పోడు. లేనివాడు పిల్లతో సహా బొంబాయి పోతే కోర్టు ఎవర్ని పిలవాలి?"

"పిల్లను ఆపేది భూమి కాదండీ, మనిషి" అన్నాను.

"ఏ మనిషి?" అన్నాడాయన.

దానికి నా దగ్గర అప్పుడు జవాబు లేదు. జవాబు లేనప్పుడు నాకు కోపం వస్తుంది. ఆయన కుర్చీ గురించి, ఆ కుర్చీ వెనక పంకా గురించి ఏదో అనేసి బయటికొచ్చాను. మెట్లు దిగుతుంటే నాతో వచ్చిన మునసబు గారు మెల్లిగా అన్నారు: "జర ఠండాగ ఉండమ్మా. కోపం మన దగ్గరున్నది గని ఫైలు వాళ్ళ దగ్గరున్నది."

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఒక కేసు మా దాకా వచ్చింది. నార్సింగికీ పుప్పాలగూడకూ మధ్య, బండరాళ్ళ గుట్టల వెనక ఒక చిన్న ఊరు. ఇప్పుడు ఆ ఊరి పేరు ఒక అపార్టుమెంటు గేటు మీద తప్ప ఎక్కడా లేదు. అప్పట్లో బస్సు దిగి, గుట్టల మధ్య బండి బాట పట్టుకుని నడవాలి. అక్కడ పన్నెండు పదమూడేళ్ళ ఒక పిల్ల. తల్లి చనిపోయింది. తండ్రి పనికని బొంబాయి పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. పక్కింటి ముసలామె ఆ పిల్లకు అన్నం పెట్టి పెంచింది. వాళ్ళిద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. ఊరంతా ఆమెను అవ్వ అనేది, ఈ పిల్లా అవ్వ అనేది. సీతాఫలాల కాలంలో అవ్వ గుట్టల మీద కాయలు కోసి, గంప నెత్తిన పెట్టుకుని మెహదీపట్నం దాకా నడిచి అమ్ముకొచ్చేది. ఆమెకున్న ఆస్తి ఒక మేక.

ఆ మేక ఊళ్ళోని ఒక పెద్ద రైతు జొన్నచేలో పడింది. ఆయన దాన్ని బందెలదొడ్డికి తోలించాడు. చేలో పడ్డ పశువులను కట్టేసే సర్కారు దొడ్డి అది. ఎండాకాలం. నీళ్ళు పెట్టినవాళ్ళు లేక మేక చచ్చిపోయింది. ఆ సాయంత్రం పిల్ల పోయి రైతు గడ్డివామికి నిప్పు పెట్టింది. పెట్టి పారిపోకుండా అక్కడే నిలబడింది. ఎవరంటే "నేనే" అంది.

మా సంఘంలో కొందరు ఈ కేసు వద్దన్నారు. ఏ పాపం ఎరగని పిల్లను వెతికి చూపిస్తే సర్కారు కరుగుతుందని వాళ్ళ లెక్క. తప్పు చెయ్యని పిల్లల మీద దారిన పోయేవాళ్ళు కూడా జాలిపడతారు, తప్పు చేసిన పిల్లలకే కదా రూలు కావలసింది అని నేను చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. నిజం చెప్పాలంటే, ఆ మేక నాదైతే నేనూ అగ్గిపెట్టె కోసం వెతుక్కునేదాన్ని.

కేసు చూసే మేజిస్ట్రేటు మెత్తని మనిషి. మునసబు గారు వెళ్ళి చెబితే, మా సంఘం కనిపెట్టుకుని ఉండేట్టు, అవ్వ పూచీ మీద, పిల్లను ఊళ్ళోనే ఉంచడానికి ఒప్పుకున్నారు. అవ్వ కాగితం మీద వేలిముద్ర వేసింది. "పిలిచినప్పుడు పిల్లను తీస్కరావాలె. తేకుంటె జవాబుదారి నీదే" అని మునసబు గారు నిదానంగా చెప్పారు. ఆమె తల ఊపింది. ఏం అర్థమైందని మేమెవరం అడగలేదు.

అదే రోజుల్లో మా విన్నపాల మీద సర్కారు ఒక చిన్న కమిటీ వేసింది. దాని అధ్యక్షుడు తెలంగాణ పల్లె నుంచి వచ్చిన శాసనసభ్యుడు. ఇంకో సభ్యుడు కోస్తా వైపు ప్లీడరు. మా పద్ధతి పనిచేస్తుందో లేదో కాగితాల్లో కాదు, ఊళ్ళోనే చూస్తామన్నారు. నాకు పండగే అయింది. వాళ్ళు వచ్చినప్పుడు పిల్ల ఎదురుగా ఉంటే మా ప్రతిపాదన నిలబడుతుంది. లేకపోతే అదీ పోతుంది, పిల్లా పోతుంది. పెద్దదయ్యేదాకా నగరంలోని ఆ గోడల మధ్యే ఉండాలి.

అందుకని ముందుగానే ఊరికి వెళ్ళాను. పిల్లతో, అవ్వతో మాట్లాడాను. అంతటితో ఆగితే బాగుండేది. ఊరంతా శుభ్రంగా, నిండుగా కనబడాలని, కబుర్లు చాటే ఊరి సేవకుడి చేత డప్పు వేయించాను. "బుధవారం సర్కారోళ్ళు జీపుల మీద వస్తున్నరు, అందరు ఊర్లనే ఉండాలె, పోరగాండ్లంత కనబడాలె" అని అతను వీధి వీధికీ చాటాడు. నా తెలివికి నేనే మురిసిపోతూ బస్సెక్కాను.

బుధవారం పొద్దున రెండు జీపులు గుట్టలు దాటి ఊళ్ళోకి వచ్చాయి. రచ్చ దగ్గర మగవాళ్ళు తలపాగాలు చుట్టుకుని నిలబడ్డారు. ఆడవాళ్ళు గడపల్లో ఉన్నారు. వాకిళ్ళు అలికి ముగ్గులు పెట్టారు. ఊరంతటికీ పిల్ల అన్నది ఒక్కటి లేదు. నేలన పాకే పిల్ల కూడా లేదు.

డప్పు వేసినాయన్ని పక్కకు పిలిచాను. "పిల్లలేరయ్యా?"

"పిల్లలెక్కడియమ్మా ఈ ఊర్ల?"

"మొన్న నా కొంగు పట్టుకుని తిరిగారు కదయ్యా."

"అయి పక్కూరి పిల్లలమ్మా" అన్నాడు, రెప్ప వెయ్యకుండా.

నాకు ఒళ్ళు మండిపోయింది. గొంతు పెంచాను. ఇంత కష్టపడి నేను వాళ్ళ కోసం పెద్దవాళ్ళను తీసుకొస్తే నన్ను వెర్రిదాన్ని చేస్తారా అని ఏమేమో అన్నాను. మునసబు గారు దగ్గారు, అంటే ఆపమని. అధ్యక్షుడు మాత్రం నా వైపు చూడడం లేదు. చేతులు వెనక్కి కట్టుకుని, ఇళ్ళ వాకిళ్ళు, దడుల కింద నేల చూసుకుంటూ నడుస్తున్నాడు.

"కోళ్ళేవి?" అన్నాడు.

"కోళ్ళు గూడ లెవ్వు దొరా" అన్నాడు డప్పు వేసినాయన.

అధ్యక్షుడు పెద్దగా నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. "మా ఊర్ల గూడ గిట్లనే ఉండె. వెనకట సర్కారోళ్ళు ఊర్లు తిరుగనీకె దౌరకొస్తె కోళ్ళు వాళ్ళ గిన్నెలకు పోయేటియి, పోరగాండ్లు వాళ్ళ వెట్టిచాకిరికి పోయేటోళ్ళు. అందుకే వస్తున్నరంటె ముందుగాల ఈ రెంటిని దాపెట్టేటోళ్ళు. నన్ను మా అవ్వ వడ్ల గుమ్మిల కూసోబెట్టేది." తర్వాత అందరి వైపూ చూసి, "డప్పు ఎవలు కొట్టించిన్రు?" అన్నాడు.

"నేనేనండి."

"మంచిగ చేసినవమ్మా" అన్నాడు. ఊళ్ళోవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది.

ప్లీడరు గారు నవ్వలేదు. "అది సరేనండి. మిగతా పిల్లల సంగతి మనకెందుకు? కోర్టు పూచీ మీద ఉంచిన పిల్ల ఎక్కడ? పిలిచినప్పుడు లేదు. ఆఫీసరు గారు ఫైలు మీద రాసింది అక్షరాలా నిజమైంది. నేను ఇదే రాస్తాను" అని కలం తీశారు. ఆయన అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఇన్నాళ్ళ తిరుగుడూ బూడిదలో పోసిన పన్నీరైందనుకున్నాను.

అప్పుడు అవ్వ వచ్చింది. తలకు నూనె రాసుకుని దువ్వుకుంది. ఉతికిన చీర కట్టుకుంది. చేతిలో గుడ్డ మూట. తిన్నగా జీపు దగ్గరికి వచ్చి, దాని మెట్టు మీద చెయ్యేసి, "పోదం పాండ్రి" అంది.

"ఎక్కడికి అవ్వా?" అన్నారు మునసబు గారు.

"జేలుకు. పిల్లను తేకుంటె జవాబుదారి నాదే అంటిరి గద. పిల్లను తేలేదు. నేనొచ్చిన."

మునసబు గారే మళ్ళీ అడిగారు: "పిల్ల పారిపోయిందా?"

"యాడికి పోతది? ఉన్నది. నేనే దాపెట్టిన. ఉట్టిగ చూసి పోనీకె ఎవలన్న రెండు జీపులేసుకోని వస్తరా? దాన్ని తీస్కపోనీకె వచ్చిన్రు. నాకెరుకలేదా? దాన్ని ఇయ్య."

"నువ్వు జైలుకు పోవాలని ఎవరు చెప్పారవ్వా నీకు?" అన్నాను నేను.

నన్ను చూసి చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. "భూమున్నోళ్ళు జమానతుకు భూమి రాసిస్తరు బిడ్డా. నాకాడ ఏమున్నది? నేనున్న. ఏలు పెట్టిన్నాడే అనుకున్న. పాండ్రి, ఎండైతుంది."

వేలిముద్ర వేసిన రోజు నుంచీ ఆమె అదే అనుకుంటోందన్నమాట. పిల్లను ఇవ్వలేకపోతే బదులుగా తను వెళ్ళి కూర్చోవాలని. అది తెలిసే తల ఊపింది. అంత ముసలితనంలో లాకప్పుకు పోవడానికి, కబురు అందగానే చీర ఉతుక్కుంది. మూటలో ఏముందో తర్వాత చూశాను. ఇంకో చీర, ఇన్ని అటుకులు, పొగాకు. నాకు ఏడుపు ఆగలేదు. సర్కారు మనుషుల ముందు ఏడవకూడదని అప్పటిదాకా ఒక పట్టుదల ఉండేది నాకు. అది ఆ రోజు పోయింది.

గుట్ట మీద నుంచి రాళ్ళు దొర్లిన చప్పుడైంది. చూస్తే ఆ పిల్ల. బండల మధ్య నుంచి పడుతూ లేస్తూ పరిగెత్తుకొస్తోంది. వెనక ఆమెను ఆపడానికి ఒక పడుచు, ఆ పడుచు వెనక ఊరి పిల్లలంతా. పైన దాక్కున్నవాళ్ళకు ఊరు మొత్తం కనబడుతుందట. అవ్వ మూటతో జీపు దగ్గరికి నడవడం చూసిందట. వచ్చి అవ్వకూ జీపుకూ మధ్య నిలబడింది. ఊపిరి అందడం లేదు.

"గడ్డివామి అంటు వెట్టింది నేను. అవ్వ గాదు. నన్ను తీస్కపోండ్రి."

"ఎవలు రమ్మన్నరే నిన్ను?" అని అవ్వ ఆమె వీపు మీద ఒక్కటి వేసింది. "పో, పైకి పో."

"నేను పోను. నువ్వు ఇంట్లకు పో."

జైలుకు ఎవరు వెళ్ళాలన్న దాని మీద ఇద్దరూ జీపు ముందే దెబ్బలాటకు దిగారు. మేమంతా చుట్టూ నిలబడి చూస్తున్నాం. ఊళ్ళోవాళ్ళు కొందరు అవ్వ పక్షం, కొందరు పిల్ల పక్షం. గడ్డివామి పోగొట్టుకున్న రైతు కూడా అక్కడే ఉన్నాడు. ఆయన ఎవరి పక్షమూ వహించలేదు, తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

అధ్యక్షుడు పిల్ల ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "గంత పైనుంచి ఇటు ఉరికొచ్చినవు. అటు దిక్కు ఉరికితె ఎవలికి దొరికేదానివి?"

పిల్ల ఆయన్ను వింతగా చూసింది. "మరి అవ్వ?" అంది.

అధ్యక్షుడు లేచి, బట్టలు దులుపుకుని ప్లీడరు గారి వైపు తిరిగాడు. "రాసుకోండ్రి. పిల్ల పిలువకముందే వచ్చింది."

ప్లీడరు గారు కాసేపు కలం పట్టుకుని నిలబడ్డారు. తర్వాత రాశారు. రాసేటప్పుడు నేను తొంగి చూశాను. ఉన్నదున్నట్టే రాశారు. ఆ మనిషి మీద నాకున్న కోపమంతా అప్పుడే పోయింది.

ఎవరూ జైలుకు పోనక్కరలేదని అవ్వకు నచ్చజెప్పేసరికి మా తల ప్రాణం తోకకొచ్చింది. నేను చెబితే నమ్మలేదు. నేను ఆంధ్రా మనిషిని, పైగా డప్పు కొట్టించినదాన్ని. మునసబు గారు చెప్పినా మూట దించలేదు. జీపులు గుట్ట మలుపు తిరిగేదాకా చేత్తో పట్టుకునే ఉంది. అప్పటికి పిల్లలు జీపు వెనకాల పరిగెడుతున్నారు. ఏ గంపల కింద నుంచి వచ్చాయో, కోళ్ళు వాకిళ్ళలో తిరగడం మొదలుపెట్టాయి.

కమిటీ సిఫారసు మంచిగానే వచ్చింది. అయితే ఉత్తర్వు వెంటనే వచ్చిందనుకుంటే మీరు సెక్రటేరియట్‌ను ఎరగరన్నమాట. నాకు మళ్ళీ అవే వరండాలు, అవే టీ వేళలు. ఈసారి "ఏ మనిషి?" అంటే చెప్పడానికి నా దగ్గర ఒక మనిషి ఉంది. అవ్వ సంగతి ఎన్ని గదుల్లో చెప్పానో. చెప్పిన ప్రతిచోటా ఫైలు కొంచెం కదిలింది. చివరికి పూచీకి భూమి ఉండాలన్న మాట తీసేసి, పిల్ల బాగోగులు చూసే నమ్మకమైన మనిషి చాలని ఉత్తర్వు ఇచ్చారు. దాంతో లాకప్పులు ఖాళీ అయిపోలేదు. కాని మేం తిరిగిన పల్లెల్లో ఎందరో పిల్లలు ఆ ఒక్క వాక్యం పట్టుకుని ఇంటికి నడిచిపోయారు. నా ఉద్యోగంలో నేను గర్వపడేది ఆ వాక్యానికే.

ఉత్తర్వు కంటే ముందే పిల్ల విచారణ రోజు వచ్చింది. కోర్టులో రైతును అడిగారు. "దాన్ని లోపలేస్తె నా గడ్డి వాపసొస్తదా సార్. మేక సచ్చింది నిజమే" అన్నాడాయన, తల వంచుకుని. మేజిస్ట్రేటు పిల్లను గట్టిగా మందలించారు. నిప్పు పక్కింటి కప్పుకు అంటుకుని ఉంటే ఏమయ్యేదో చెప్పారు. పిల్ల ఏడ్చింది. తర్వాత ఆమెను ఎక్కడికీ పంపనక్కర లేదని, అవ్వకే అప్పగిస్తున్నానని చెప్పారు. గుమాస్తా రాసుకోవడం మొదలుపెట్టాడు.

అవ్వకు వెంటనే అర్థం కాలేదు. "ఎన్నొద్దులకు?" అని అడిగింది.

"పెద్దదయ్యేదాకా" అన్నారు మేజిస్ట్రేటు.

అవ్వ పిల్ల చెయ్యి పట్టుకుంది. "పెద్దగైనంక గూడ నాకాడనే ఉంటది" అంది. "గది గూడ రాసుకోండ్రి."

గుమాస్తా కలం ఆపి మేజిస్ట్రేటు ముఖం చూశాడు.

"రాయండి" అన్నారాయన.